పొగకు జకాత్ ఎవరు కట్టాలి?

ఏప్రిల్ వచ్చి ఎండ ముదిరిందంటే చాలు, మన చుట్టూ ముగ్గురు ముఫ్తీలు తయారవుతారు. మొదటాయన మస్జిద్ మెట్ల దగ్గర దొరుకుతాడు. "ఖయామత్ దగ్గరపడింది మియా. అంతా అల్లాహ్ మర్జీ. మన చేతిలో ఏముంది?" అంటూ రుమాలుతో మెడ తుడుచుకుంటాడు. రెండో ఆయన ఇరానీ హోటల్లో ఉంటాడు. "ఇదంతా అమ్రీకావాడి కారస్తానీ భాయ్. వాడు పొగ వదిలాడు, మనం ఉడుకుతున్నాం" అని సాసర్‌లో చాయ్ పోసుకుంటాడు. మూడో ఆయన టీవీలో కనిపిస్తాడు. స్టూడియోలో ఏసీ చల్లగా వీస్తుంటే, "మానవుడు ప్రకృతికి ద్రోహం చేశాడు. మనమందరం దోషులమే. ఇంటికో మొక్క నాటుదాం" అని గద్గద స్వరంతో సెలవిస్తాడు.

ఫత్వాలు మూడూ వేరు. నతీజా మాత్రం ఒక్కటే. అల్లాహ్ మర్జీ అయితే మనం చేసేదేమీ లేదు. అమ్రీకా తప్పయితే చేయాల్సింది వాళ్లు. అందరి తప్పూ అయితే, అందరి పనీ ఎవరి పనీ కాదు. మూడు దారులూ తిరిగి తిరిగి మధ్యాహ్నం కునుకు దగ్గరికే చేరుస్తాయి.

నేను సైంటిస్టుని కాను, ఆలిమ్‌నీ కాను. ఎండలో నడిచి సౌదా తెచ్చుకునే ఆమ్ ఆద్మీని. అయినా ఒక సంగతి అడగాలనిపిస్తోంది. జిమ్మేదారిని ఎవరి మీద ఎంత వేయాలో తేల్చడానికి మన దగ్గర పధ్నాలుగు వందల ఏళ్ల నాటి లెక్క ఒకటి ఉంది. ఏటా రంజాన్‌లో ఆ లెక్క వేస్తూనే ఉన్నాం. అదే లెక్కను ఈ పొగకు కూడా ఎందుకు వేయకూడదు? ఇదీ నా సవాల్. తెలుగు సవాలు కాదు, ఉర్దూ సవాల్. అంటే ఉత్త ప్రశ్న. అక్కడికి వెళ్లేముందు ముగ్గురు ముఫ్తీ సాబ్‌లకూ తలా ఒక జవాబు చెప్పుకోవాలి.

మొదటాయన మాట చూద్దాం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ భూమికి రజాయి లాంటిది. అసలు లేకపోతే గడ్డకట్టి పోయేవాళ్లం. కాబట్టి తగుమాత్రంగా ఉన్నంతవరకు అది రహ్మతే. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టింది. ఈ వాయువున్న గొట్టం మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ ఎక్కువసేపు తీసుకుంది. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హేనియస్, గాలిలో ఈ వాయువు రెట్టింపయితే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్క కట్టాడు. అప్పుడు హైదరాబాద్ తఖ్తు మీద మహబూబ్ అలీ పాషా ఉన్నాడు. అంటే ఇది నిన్న మొన్న ఎవరో పుట్టించిన అఫ్వా కాదు. మన తాతల తాతలు షేర్వానీలు కుట్టించుకునే రోజుల నాటి ఇల్మ్.

కార్ఖానాలు రాకముందు గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో ఈ వాయువుది 280. హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. మే నెలలో ఒకరి మీద ఒకటిన్నర రజాయి కప్పి "ఏం మియా, చెమటెందుకు పడుతోంది, అల్లాహ్ మర్జీయా?" అని అడిగితే ఎలా ఉంటుంది? 2024వ సంవత్సరంలో భూమి సగటు వేడి, కార్ఖానాలు రాకముందు రోజులతో పోలిస్తే 1.5 డిగ్రీలు దాటేసింది. పూర్తి ఏడాది లెక్కలో అలా దాటడం అదే మొదటిసారి.

"సూర్యుడే మండుతున్నాడేమో కదా?" అని ముఫ్తీ సాబ్ అడగొచ్చు. మంచి సవాలే. సూర్యుడే కారణమైతే గాలి పొరలన్నీ కింది నుంచి పై దాకా వేడెక్కాలి. కానీ కింద మనముండే పొర వేడెక్కుతుంటే, చాలా పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. రజాయి కప్పుకుంటే జరిగేది అదే. లోపల వెచ్చన, బయట చల్లన. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఆకాశంలో వెతక్కండి అని సైంటిస్టులు అంటున్నారు.

ఇక తక్దీర్ సంగతి. ఒంటెను కట్టేసి అల్లాహ్‌ని నమ్ముకోవాలా, కట్టకుండా నమ్ముకోవాలా అని ఒక బద్దూ అడిగితే రసూలుల్లాహ్ (స) ఏం చెప్పారో మన మద్రసా పిల్లలకు కూడా తెలుసు. ముందు కట్టు, ఆ తర్వాతే తవక్కుల్. నేల మీదా సముద్రంలోనూ పుట్టే ఫసాద్‌కు ఖురాన్ ఎవరి చేతుల వైపు వేలు చూపిస్తుందో, సూరా రూమ్ చదివినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఒంటెను తానే విప్పి వదిలేసి, అది పోయాక "అల్లాహ్ మర్జీ" అనడం తవక్కుల్ కాదు. సోమరితనానికి టోపీ పెట్టడం.

రెండో ముఫ్తీ, హోటల్ ముఫ్తీ, మరీ తప్పేమీ అనడం లేదు. అందుకే ఆయనతో జాగ్రత్తగా మాట్లాడాలి. ఇప్పటిదాకా ప్రపంచం గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ఈ రోజుకీ సగటు అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నులు వదులుతాడు. సగటు హిందుస్తానీ సుమారు 2 టన్నులు. తెలియక చేశారా అంటే అదీ లేదు. ఎక్సాన్ చమురు కంపెనీలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1977లోనే, చమురు తగలబెడితే భూమి వేడెక్కుతుందని తన పైఅధికారులకు విప్పి చెప్పాడు. వాళ్లు విన్నారు. తర్వాత ఏళ్ల తరబడి, ఈ విషయం ఇంకా రుజువు కాలేదు అనే షక్‌ని జనంలో నాటడానికి డబ్బు ఖర్చుపెట్టారు. తెలిసి చేసిన గునాహ్‌కూ తెలియక చేసిన గల్తీకీ మన ఫిఖ్‌లో ఒకే శిక్ష ఉండదు.

ఇంతవరకూ హోటల్ ముఫ్తీకి ముబారక్. కానీ ఆయన సాసర్‌లో ఒక ఈగ పడి ఉంది. తలసరి పొగలో ప్రపంచంలో అందరికంటే పైనున్నది అమెరికా కాదు, ఖతార్. దాని వెనకాలే కువైట్, యూఏఈ, సౌదీ లాంటి మన బిరాదరీ దేశాలు వరుస కట్టాయి. అక్కడ ఒక్కొక్కరి లెక్క అమెరికన్ లెక్కను దాటిపోతుంది. 2023లో దుబాయ్‌లో జరిగిన వాతావరణ సమావేశానికి సదర్‌గా కూర్చున్నది సుల్తాన్ అల్ జాబిర్ సాబ్. ఆయనే అబూ ధబీ సర్కారీ చమురు కంపెనీకి కూడా పెద్ద. మందు మానిపించే మజ్లిస్‌కి కల్లు దుకాణం మాలిక్ సదారత్ వహించినట్టు. ఆ మాట అంటే మన హోటల్లో ఎవరికీ నచ్చదు. ఉమ్మత్ పరువు పోతుందట.

ఉమ్మత్ గురించే మాట్లాడదాం. 2022లో పాకిస్తాన్‌లో వరదలొచ్చాయి. 3.3 కోట్ల మంది మీద దెబ్బ పడింది. 1,700 మందికి పైగా చనిపోయారు. ఆ దేశం వదిలే పొగ ప్రపంచం మొత్తంలో ఒక్క శాతం కూడా లేదు. చమురు అమ్మేవాడూ కల్మా చదివేవాడే, వరదలో కొట్టుకుపోయేవాడూ కల్మా చదివేవాడే. ఇద్దరూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నిలబడతారు. కానీ ఈ విషయంలో ఒకరి కష్టానికి ఇంకొకరు ఎంత జిమ్మేదార్ అనే మాట మన ఖుత్బాల్లో ఎన్నడూ వినపడదు. "అమ్రీకా" అనడం తేలిక. వీసా ఇచ్చేవాడి పేరు తీయడం కష్టం.

మనకూ అందులో ఒక ముడి ఉంది మరి. పాతబస్తీలో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, కడపలో ఎన్ని ఇళ్ల మీద రెండో అంతస్తు గల్ఫ్ రియాళ్లతో లేచింది! ఎన్ని నిఖాలు ఆ దీనార్లతో జరిగాయి! ఆ చమురు పొగ మనకు మనీ ట్రాన్స్‌ఫర్‌గా కూడా వచ్చింది. అయితే ఆ రియాల్ సంపాదించినవాడు బావి యజమాని కాదు. 45 డిగ్రీల ఎండలో ఇనుప చువ్వలు వంచిన మన తమ్ముడు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఆరుబయట పని నిషేధం అనే ఖానూన్ ఉందంటేనే అక్కడి ఎండ ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు. చమురు అమ్మినవాడినీ, ఆ చమురు నేల మీద చెమటోడ్చినవాడినీ ఒకే తక్కెడలో తూచగలమా?

ఇక్కడే మూడో ముఫ్తీ, టీవీ ముఫ్తీ, దొరికిపోతాడు. "మానవుడు చేశాడు" అంటాడాయన. ఏ మానవుడు జనాబ్? 2023లో ఆక్స్‌ఫామ్ సంస్థ ఒక లెక్క బయటపెట్టింది. 2019లో ప్రపంచంలోని అత్యంత ధనికులైన ఒక్క శాతం మంది వదిలిన పొగ, అడుగున ఉన్న 66 శాతం పేదలంతా కలిసి వదిలిన పొగతో సమానం. సొంత విమానంలో వలీమాకి వెళ్లేవాడూ ఇన్సానే, తోపుడు బండి మీద జామకాయలు అమ్మే చాచా కూడా ఇన్సానే. ఇద్దరినీ కలిపి "మనిషి" అని ఒక్క మాటలో చుట్టేస్తే లాభం ఎవరికి? చాచాకు మాత్రం కాదు. ఆయనకు నేరంలో వాటా లేదు, శిక్షలో మాత్రం పెద్ద వాటా.

శిక్ష ఎలా పడుతుందో 2024 హజ్‌లో చూశాం. ఆ జూన్‌లో మక్కా హరమ్ దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది. సౌదీ ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే 1,301 మంది హాజీలు ఇంతెఖాల్ అయ్యారు. అల్లాహ్ వారి మగ్ఫిరత్ చేయుగాక. వాళ్లలో 83 శాతం మంది అనుమతి పత్రాలు లేకుండా వచ్చినవాళ్లు. అంటే ఏసీ ఖైమాలు, ఏసీ బస్సులు దొరకక, నీడ లేకుండా మైళ్లకు మైళ్లు నడిచినవాళ్లు. అందరి ఒంటి మీదా కుట్టు లేని రెండు తెల్ల గుడ్డలే. ఇహ్రామ్‌లో బాద్షా లేడు, ఫకీర్ లేడు అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఎండ మాత్రం ఎవరు ఎవరో బాగానే గుర్తుపట్టింది. చంద్రమాన లెక్కలో హజ్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, ఇప్పుడు కొన్నేళ్లు వసంతంలో, ఆపైన చలికాలంలో వస్తుంది. తిరిగి జూన్‌కి వచ్చేది 2057 ప్రాంతంలో. అప్పటి ఎండ ఎలా ఉండాలో ఇప్పుడు మనం, అంటే ఇప్పటి లోకం, నిర్ణయిస్తోంది. ఈ రోజు తొట్టెలో ఉన్న పిల్లలే అప్పటి హాజీలు.

మన ఇంటి దగ్గరా అంతే. 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. ఎక్కువగా పొలం కూలీలు, కట్టడం పని చేసేవాళ్లు, ముసలివాళ్లు.

ఇప్పుడు నా సవాల్ దగ్గరికి వస్తాను. ఈ జిమ్మేదారిని పంచడానికి మనకు జకాత్ లెక్క ఉందన్నాను కదా. ముస్లిమేతర మిత్రుల కోసం కాస్త వివరం చెబుతాను. జకాత్ అందరి మీదా ఫర్జ్ కాదు. దానికి నిసాబ్ అనే గీత ఒకటుంది. మన వైపు ఉలమా లెక్కలో ఏడున్నర తులాల బంగారమో, యాభై రెండున్నర తులాల వెండో, దానికి సమానమైన సొమ్మో ఏడాదిపాటు మిగులుగా ఉంటే, అందులో నలభయ్యో వంతు ఇచ్చెయ్యాలి. గీతకు కింద ఉన్నవాడు ఇవ్వనక్కర్లేదు. పైగా తీసుకోవడానికి హక్‌దార్. ఇక అసలు మాట. అది ఖైరాత్ కాదు. ఇచ్చేవాడి గొప్పతనం అందులో ఏమీ లేదు. ఆ నలభయ్యో వంతు మొదటి నుంచీ పేదవాడిదే. నీ పెట్టెలో ఉంది, అంతే.

ఈ మూడు మాటలూ పొగకు అన్వయించి చూడండి. ఒకటి, గీతకు కింద ఉన్నవాడికి ఉపదేశాలు చేయకండి. జామకాయల చాచాకు ప్లాస్టిక్ సంచి గురించి తక్రీర్ చేసే ముందు, సొంత విమానమున్నవాడి దగ్గరికి వెళ్లండి. రెండు, గీతకు పైన ఉన్నవాడి మీద అది ఫర్జ్. మనసు పుడితే చేసే నఫిల్ కాదు. మూడు, నష్టపోయినవాడు చెయ్యి చాపితే అది భిక్ష కాదు. వసూలు.

ఈ తేడా తెలియక లోకం ఎక్కడ ఆగిందో చూడండి. 2022లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేఖ్‌లో, వాతావరణం దెబ్బకు నష్టపోయిన పేద దేశాల కోసం ఒక ఫండ్ పెట్టాలని ఒప్పుకున్నారు. మరుసటి ఏడు దుబాయ్‌లో దేశాలన్నీ తలా ఇంత రాసిచ్చాయి. యూఏఈ 10 కోట్ల డాలర్లు, జర్మనీ 10 కోట్ల డాలర్లు. పొగలో నాలుగో వంతు వాటాదారు అమెరికా 1.75 కోట్ల డాలర్లు. సమావేశం ముగిసేసరికి అందరూ కలిసి ఇస్తామన్నది దాదాపు 70 కోట్ల డాలర్లు. ఒక్క పాకిస్తాన్ వరదల నష్టమే 3,000 కోట్ల డాలర్లని అంచనా. అంటే లోకమంతా కలిసి, లోకం మొత్తం కోసం ఇస్తామన్నది ఒక్క దేశం గాయంలో రెండున్నర శాతానికి కాస్త తక్కువ. జకాత్ శాతం ఎలాగోలా వచ్చింది సుబ్హానల్లాహ్! కాకపోతే తలకిందులుగా. ఇచ్చేవాడి సంపదలో నలభయ్యో వంతు తీయమంటే, పడ్డవాడి నష్టంలో నలభయ్యో వంతు లెక్కకట్టారు.

పాకిస్తాన్ కోసమని 2023 జనవరిలో జెనీవాలో వేరే మజ్లిస్ పెట్టి 900 కోట్ల డాలర్లకు పైగా హామీ ఇచ్చారు. అందులో అత్యధికం అప్పులే. వరదలో ఇల్లు పోయినవాడికి వడ్డీకి డబ్బిచ్చి, "రాసుకోండి, మా జకాత్ అదా అయింది" అంటే మన మొహల్లా ముఫ్తీ కూడా తస్బీహ్ పక్కన పెట్టి లేస్తాడు.

ఇంతవరకూ దేశాల మాట. "శభాష్, బాగా అడిగావు" అని హోటల్ ముఫ్తీ నాకు ఒక చాయ్ కూడా చెప్పొచ్చు. కానీ నిసాబ్ గీత దేశాల సరిహద్దు దగ్గర ఆగదు. అది మన గల్లీలోకి కూడా వస్తుంది. సగటు హిందుస్తానీది 2 టన్నులు అన్నప్పుడు, ఆ సగటు వెనకాల చాలామంది పెద్దలు దాక్కుంటున్నారు. ఒకే గల్లీలో ఈ చివర రేకుల ఇల్లు, ఒక టేబుల్ ఫ్యాను. ఆ చివర బంగళా, నాలుగు ఏసీలు, రెండు కార్లు. బంగళాలో చల్లబడ్డ గది వేడి అంతా వెనక డబ్బా లోంచి గల్లీలోకే వస్తుంది. రేకుల ఇంటి ఖాలా ఆ వేడిని కూడా భరిస్తుంది, కరెంటు పోతే తన ఫ్యాను ఆగడాన్నీ భరిస్తుంది. మన దేశపు కరెంటులో దాదాపు ముప్పావు వంతు ఇప్పటికీ బొగ్గుదే. ఆ బంగళా సేఠ్ సాబ్ రంజాన్‌లో బీరువా తెరిచి బంగారం తూకం వేసి, పైసా తేడా రాకుండా జకాత్ తీస్తాడు. మంచిదే. కరెంటు మీటరు చూసి కూడా ఒక హిసాబ్ తీస్తే? మిద్దె మీద సోలార్ పలకలు పెట్టే తాఖత్ ఉన్నవాడు పెట్టకపోతే అది వట్టి బద్ధకం కాదు. ఎగ్గొట్టడం.

ఇక్కడ ఇంకో మాట. నిసాబ్ అంటే డబ్బే కాదు, ఇఖ్తియార్ కూడా. ఎవరి చేతిలో ఎంత అధికారం ఉంటే వాళ్ల మీద అంత హిసాబ్. మన హైదరాబాద్‌నే తీసుకోండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు నేటికీ ఉంది. అప్పటి హుకూమత్ "అల్లాహ్ మర్జీ" అని ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో ఏడో నిజాం కాలంలో, 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆగింది, ఊరికి తాగునీరూ దొరికింది. ఒంటెను కట్టడమంటే అదీ.

మరి మనం? చెరువు శిఖంలో ప్లాట్లు కొట్టాం. నాలా మీద శ్లాబు వేసి దుకాణాలు లేపాం. 2020 అక్టోబర్‌లో ఒక్క రోజులో నగరం మీద కుంభవృష్టి పడింది. ఆ వారంలోనే గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. కాబట్టి కురిస్తే ఇలా కుండపోతగా కురిసే రోజులు పెరుగుతాయి. అది పైనుంచి వచ్చిన భాగం. కానీ ఆ నీళ్లు ఎటు పోవాలో తెలియక ఇంట్లోకి రావడం అనేది దఫ్తర్‌లో సంతకం పెట్టినవాడి భాగం. శిఖం భూమి అమ్మినవాడి భాగం. అమ్మినవాడి మీద మనం అమ్రీకాను నిందించలేం. చాలాసార్లు ఆయన మన పక్క సఫ్‌లోనే నమాజ్ చేస్తుంటాడు. కొన్న ఆటో భాయ్‌కి ఊళ్లో అంతకంటే చవకగా నీడ దొరకలేదు. ఈ ఇద్దరి గునాహ్ ఒకటి కాదు. మునిగింది మాత్రం రెండో ఆయన బియ్యం డబ్బా.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల దాకా కట్టడాలకు పగ్గం వేస్తూ 1996లో 111 జీఓ తెచ్చారు. 2022లో ఆ పగ్గం సడలించారు. ఆ రెండు సాగర్‌లు మనకు మీరాస్‌గా వచ్చాయనుకుంటాం. అవి అమానత్. మీరాస్‌ని అమ్ముకోవచ్చు. అమానత్‌ని తిరిగి అప్పజెప్పాలి.

నిసాబ్ లేనివాడు అయితే అంతా మాఫీయా? ఇక్కడ ఫిత్రా గుర్తుకు తెచ్చుకోవాలి. ఈద్ నమాజ్‌కి ముందే ఇచ్చే ఆ చిన్న సద్ఖా ఇంట్లో నిన్న పుట్టిన పసిబిడ్డ తరఫున కూడా తీస్తారు. మొత్తం చిన్నదే, కానీ తల తలకూ లెక్క. పొగ విషయంలోనూ అలాంటి చిన్న లెక్క ఒకటి మామూలు మనుషులకు ఉంటుంది. దానివల్ల ధ్రువాల మంచు కరగడం ఆగదు. ఆగుతుందని చెప్పేవాడు అబద్ధం చెబుతున్నాడు. ఫిత్రా వల్ల గరీబీ పోతుందా? పోదు. అయినా ఇస్తాం. మన చెయ్యి శుభ్రంగా ఉండాలని, ఈద్ రోజు ఎవరూ పస్తుండకూడదని.

రసూలుల్లాహ్ (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు లోపు. మన మస్జిద్ నల్లా కింద ఒక్క పాదం కడిగేలోపే అంత పోతుంది. ఆ నీళ్లు ఊరికే రావు. కృష్ణా నుంచి, గోదావరి నుంచి కరెంటు మోటార్లతో తోడి హైదరాబాద్‌కి ఎక్కిస్తున్నారు. వజూ ఖానా నీళ్లు మోరీలోకి కాకుండా ఇంకుడు గుంతలోకి మళ్లించడానికి ఒక పైపు, ఒక మేస్త్రీ, ఒక జుమా చందా చాలు. మినార్‌కి కొత్త లైట్లు పెట్టడానికి చందా వేసే కమిటీకి అది పెద్ద పనేమీ కాదు.

ఇక దావతులు. రాత్రి పదకొండింటికి మొదలయ్యే వలీమాలో పళ్లాల్లో వదిలేసిన బిర్యానీ చూస్తే దస్తర్‌ఖాన్ సిగ్గుపడాలి. పారేసిన ఆ తిండి కుప్పలో కుళ్లి మీథేన్ వదులుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. ప్రపంచంలో వేడి పెంచే వాయువుల్లో 8 నుంచి 10 శాతం ఇలా వృథా అయిన తిండి లెక్కలోనే పడుతున్నాయి. ఇస్రాఫ్ హరామ్ అని చెప్పడానికి మనకు ఐక్యరాజ్యసమితి అక్కర్లేదు. కానీ ఈ ఫిత్రా కూడా ఎవరి మీద ముందు పడుతుందో గమనించండి. ఆరు రకాల మాంసం వడ్డించేది తోపుడు బండి చాచా కాదు.

2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో పలు దేశాల ముస్లిం ఆలిములు, మేధావులు కూర్చుని వాతావరణం మీద ఒక ఎలాన్ వెలువరించారు. ధనిక దేశాలనూ, పేరు పెట్టి మరీ చమురు దేశాలనూ ముందు మీరు ఈ పొగ మానండి అని అడిగారు. అది మన జుమా ఖుత్బాల దాకా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. ఖయామత్ నిశానీల మీద గంట తక్రీర్ దొరుకుతుంది, నాలా కబ్జా మీద ఐదు నిమిషాలు దొరకదు.

అందుకే మస్జిద్ మెట్ల ముఫ్తీ సాబ్‌కి ఒక చివరి విన్నపం. హజ్రత్, ఖయామత్ వస్తుందని మాకూ ఈమాన్ ఉంది. కానీ ఖయామత్ వచ్చిపడే ఘడియలో చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటేయమన్న దీన్ మనది. నీడ ఎవరు చూస్తారు, కాయ ఎవరు తింటారు అని ఆ మాటలో లెక్క లేదు. ఖయామత్‌ని చూపించి చేతులు ముడుచుకోమని ఎక్కడా లేదు. ఆ రోజు అడిగే సవాళ్లలో "ఎండ ఎంత ఉండేది?" అన్నది ఉండదని నా నమ్మకం. "నీ చేతిలో ఎంత ఉండేది, దానితో ఏం చేశావు?" అన్నది మాత్రం తప్పకుండా ఉంటుంది. సేఠ్ సాబ్‌కి ఒక లెక్క, మంత్రికి ఒక లెక్క, షేక్ సాబ్‌కి ఒక లెక్క. తోపుడు బండి చాచా లెక్క చాలా తొందరగా తెమిలిపోతుంది.